నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నరు?

(తిరుమలగిరిలో యువతతో మాట్లాడిన మాటలకు రాతరూపం. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేసి పెడుతున్నం.)



తొండ, తాటిపాముల వైపు తండాల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, సూర్యాపేట హాస్టళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన చెల్లెళ్లకు, మనతో నిలబడటానికి వచ్చిన టీచర్లకు, మిత్రులకు అందరికీ దండాలు.

మన జిల్లాకు ఈ మధ్య రెండు పెద్ద పండుగలు వచ్చినయి. 2025 ఉగాది నాడు సన్నబియ్యం పథకం మన హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. అదే ఏడాది జూలై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మన తిరుమలగిరిలోనే మొదలుపెట్టిండు. కార్డు చేతికొచ్చినోళ్లు సంతోషపడ్డరు. పడాల్సిందే. ఏండ్ల తరబడి ఎదురుచూసిన కార్డులవి.

నేను అడిగేది ఇంకో ముచ్చట. ఈ రాత్రి ఇదే తిరుమలగిరిలో నెత్తిమీద కప్పు లేకుండ పడుకునేటోళ్లు ఎంతమంది? బస్టాండ్‌లో ఎందరు? మార్కెట్ యార్డు షెడ్ల కింద ఎందరు? షట్టర్లు దించిన దుకాణాల అరుగుల మీద, గుడి మండపంలో, ఊరి బయట ఇటుక బట్టీల పక్కన ఎందరు? అందులో ఆడోళ్లెందరు, పసిపిల్లలెందరు, మన ఆదివాసీలెందరు?

ఇక్కడ కూర్చున్న మనలో ఒక్కరి దగ్గర కూడా ఆ లెక్క లేదు. ఊళ్లో ఎన్ని ఓట్లున్నయో వార్డువారీగా చెప్పేటోళ్లున్నరు. యార్డుకు ఎన్ని బస్తాల వడ్లు వచ్చినయో సాయంత్రానికల్లా లెక్క తేలుతది. ఆ బస్తాలు మోసి, రాత్రి అదే షెడ్డు కింద తువ్వాల పరుచుకుని పడుకున్న మనిషి మాత్రం ఏ లెక్కలోనూ లేడు. ఈరోజు నేను మాట్లాడేది ఆ మనిషి గురించి, ఆయనను లెక్కలోకి తెచ్చే పని గురించి. ఆ పని మీరు చేయగలరని నమ్మకంతో మాట్లాడుతున్న.

ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలె. "అన్నా, మనది అడవి, భూమి, పోడు పట్టాల కొట్లాట. బస్టాండ్‌లో పడుకునేటోళ్ల సంగతి మనకెందుకు?" అని అడగొచ్చు మీరు. బస్టాండ్‌లో పడుకున్నోళ్ల వెనక కథ అడగండి, మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతది. భూమి పోయినోళ్లు, అడవి నుంచి వెళ్లగొట్టినోళ్లు, ప్రాజెక్టుల కింద ఊరు మునిగినోళ్లు, అప్పు తీర్చలేక ఊరు విడిచినోళ్లు వాళ్లలో ఉంటరు. కాగితం మీద నిర్వాసితులు వేరు, నిరాశ్రయులు వేరు. బతుకులో మాత్రం ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత. ఊరు పోయిన తరానికి నష్టపరిహారం ఫైలన్నా ఉంటది. వాళ్ల పిల్లలు పని కోసం రోడ్డు మీద పడ్డప్పుడు వాళ్లకు ఆ ఫైలు కూడా ఉండదు.

మన చుట్టూ చూడండి. ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా లాంటి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటయి. వాళ్లలో ఆదివాసీలు, దళితులే ఎక్కువ. బోరుబండ్ల మీద ఛత్తీస్‌గఢ్ పిల్లలు తిరుగుతుంటరు, లారీ ఎక్కడ ఆగితే అదే వాళ్లకు రాత్రి బస. మిరప కోతలప్పుడు చేన్ల గట్ల మీద పట్టాల డేరాలు వెలుస్తయి. వరి కోసినంక మళ్లల్లో బాతులు మేపుకుంట జిల్లాలు దాటేటోళ్లున్నరు. ఎస్టీ జాబితాలో ఉండి కూడా ఊరికొక వారం చొప్పున డేరాల్లో బతికే నక్కల, కురివికారన్ కుటుంబాలున్నయి. మన తండాల నుంచే హైదరాబాద్ పోయి, కట్టే అపార్టుమెంటు సెల్లారులోనే పిల్లలతో పండుకునే అన్నలు, వదినెలు ఉన్నరు. వీళ్లందరూ మనోళ్లే. కాకపోయినా మనుషులే.

ఇగ ప్రభుత్వం వీళ్లను ఎట్ల లెక్కపెడతదో చూద్దాం.

మన దేశంలో జనగణన ఇండ్ల మీద నడుస్తది. ముందు ఇండ్లకు నంబర్లు వేస్తరు. ఆ నంబర్ల ప్రకారం ఇల్లిల్లూ తిరిగి మనుషులను రాస్తరు. ఇల్లు లేనోళ్ల కోసం వేరే ఏర్పాటు ఉంది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇండ్లు తిరిగిన్రు. ఇల్లు లేనోళ్లకు కేటాయించింది మాత్రం ఒక్కటే రాత్రి, ఫిబ్రవరి 28 రాత్రి. ఆ ఒక్క రాత్రిలో దేశమంతటా ఫుట్‌పాత్‌లు, ప్లాట్‌ఫాంలు, గుళ్లు తిరిగి రాయాలె.

ఒకే రాత్రి ఎందుకంటే దానికి కారణం ఉంది. ఇల్లు లేని మనిషి ఈరోజు ఇక్కడుంటే రేపు ఇంకో చోట ఉంటడు. పది రోజులు తిరిగితే ఒకే మనిషిని రెండుసార్లు రాసే ప్రమాదముంది. కాబట్టి పద్ధతి తప్పని నేను అనను. కానీ ఒక్క రాత్రిలో చేసే పనికి ముందు నెలల తరబడి తయారీ ఉండాలె. ఎవరు ఎక్కడ పడుకుంటరో తెలిసినోళ్లు పక్కన ఉండాలె. అవి లేకపోతే రాసేటాయన బస్టాండ్ ఒకసారి చూసి, నలుగురిని రాసుకుని ఇంటికి పోతడు.

అట్ల లెక్కపెడితే 2011లో దేశం మొత్తంలో తేలింది 17 లక్షల 73 వేల మంది. అందులో దాదాపు 8 లక్షల 35 వేల మంది పల్లెల్లో ఉన్నోళ్లు. ఇది గుర్తుపెట్టుకోండి. నిరాశ్రయులు అంటే పెద్ద పట్నాల సమస్య అనుకుంటరు. సగానికి కొంచెం తక్కువ మంది పల్లెల్లోనే ఉన్నరని సర్కారు లెక్కే చెప్తున్నది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తేలినోళ్లు సుమారు లక్షా 45 వేలు.

ఈ లెక్క ఎంత నమ్మొచ్చు? ఢిల్లీ సంగతి చెప్త. 2000లో ఆశ్రయ్ అధికార్ అభియాన్ అనే సంస్థ ఢిల్లీ వీధుల్లో రాత్రిపూట తిరిగి లెక్కపెడితే 52,765 మంది దొరికిన్రు. మరుసటేడు 2001 జనగణనలో అదే ఢిల్లీలో తేలింది సుమారు 25 వేలు. 2008లో ఇండో గ్లోబల్ సోషల్ సర్వీస్ సొసైటీ లెక్క 88,410. మూడేళ్ల తర్వాత 2011 జనగణన లెక్క 46,724. రెండుసార్లూ సర్కారు లెక్క ఇంచుమించు సగం. పార్లమెంటు ఉన్న ఊళ్లోనే ఇట్ల ఉంటే తిరుమలగిరి లాంటి చోట ఎట్ల ఉంటదో మీరే ఆలోచించండి.

మనోళ్లు లెక్కలోంచి జారిపోయేది మూడు చోట్ల. ఒక్కొక్కటి చెప్త.

మొదటిది నిర్వచనం. జనగణన దృష్టిలో ఇల్లు లేనోళ్లంటే ఆరుబయట, రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద ఉండేటోళ్లు. గోడలు లేకపోయినా నేల దాకా దిగిన కప్పు ఉన్న గుడిసె కూడా ఇంటి కిందికే వస్తది. మరి నాలుగు కర్రలు పాతి పట్టా కప్పితే? అది ఇల్లా, ఆరుబయలా? రాసే మనిషి చూపును బట్టి ఉంటది. ఇల్లని రాస్తే ఆ కుటుంబం కాగితం మీద ఇల్లున్న కుటుంబమైపోతది. వర్షమొస్తే పిల్లలను ఎత్తుకుని స్కూలు వరండాకు ఉరికే కుటుంబం ఇల్లున్న కుటుంబమా?

రెండోది కాలం. జనగణన ఫిబ్రవరిలో. ఇటుక బట్టీలు నడిచేది చలికాలం నుంచి ఎండాకాలం చివరిదాకా. మిరప కోతలు సరిగ్గా ఆ నెలల్లోనే. పునాస పంట అయిపోయి చేతిలో పని లేక తండాలు ఖాళీ అయ్యేది కూడా అప్పుడే. 2011 నియమం ప్రకారం లెక్కపెట్టే రోజులన్నీ ఇంటికి దూరంగా ఉన్న మనిషిని ఇంటి దగ్గర రాయరు, ఎక్కడుంటే అక్కడ రాయాలె. నియమం బాగానే ఉంది. కానీ బట్టీ దగ్గరికి ఎవరూ పోకపోతే? సొంతూళ్లో "వలస పోయిండు" అని రాయరు, ఇక్కడ "మా ఊరోడు కాదు" అని రాయరు. మనిషి రెండు చోట్లా మాయమైతడు.

మూడోది జాబితా. ఎస్టీ అనేది రాష్ట్రాన్ని బట్టి ఉండే గుర్తింపు. జనగణనలో మనిషి చెప్పిన తెగ పేరు ఆ రాష్ట్ర జాబితాలో ఉంటేనే ఎస్టీ కింద రాస్తరు. ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఆదివాసీ అయిన మనిషి, తన తెగ పేరు తెలంగాణ జాబితాలో లేకపోతే ఇక్కడ బట్టీ దగ్గర ఆదివాసీ కాకుండా పోతడు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గోదావరి అడవుల్లో ఉంటున్న గుత్తికోయల బాధ మీకు తెలుసు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, రాష్ట్రం దాటేసరికి తెగ కూడా పోయింది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలె, అది భయం గురించి. రాత్రిపూట కాగితం, కలం పట్టుకుని ఎవరన్నా వస్తే సంచార కుటుంబాలు డేరాలు పీకి ఎందుకు పోతయి? 1871లో బ్రిటిష్ సర్కారు నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తెగలకు తెగలనే పుట్టుకతో దొంగలని రాసి, రిజిస్టర్లలో పేర్లు ఎక్కించి, పోలీసుల ముందు హాజరు పలికించింది. మన ఎరుకల సోదరులు ఆ చట్టం కింద ఎంత నలిగిన్రో వాళ్ల పెద్దలను అడగండి. ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. చట్టం పోయినా ఊళ్లో ఏదన్నా దొంగతనమైతే ముందు డేరాల మీదికే పోతరు. అందుకే లెక్క అంటే వాళ్లకు అనుమానం. ఆ అనుమానం తప్పని అనే హక్కు మనకు లేదు. నమ్మకం కలిగించే బాధ్యత లెక్కపెట్టేటోళ్లదే.

ఇదే తెలంగాణలో లెక్క కోసం జనం పరుగెత్తిన రోజు కూడా ఉంది. 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. బస్సులు, రైళ్లు కిక్కిరిసినయి. ఎక్కడెక్కడి కూలీలో సొంతూళ్లకు ఉరికిన్రు. ఎందుకు? లెక్కలో పేరు లేకపోతే రేషను, పింఛను పోతదేమోనని. పేరు ఎక్కితే తిండి దొరుకుతదంటే జనం వస్తరు. పేరు ఎక్కితే పోలీసోళ్లు వస్తరంటే జనం పారిపోతరు.

2024 నవంబరులో రాష్ట్రంలో జరిగిన ఇంటింటి కుల సర్వే కూడా చూసిన్రు కదా. ఇండ్లకు స్టిక్కర్లు అంటించి రాసిన్రు. 3.1 శాతం, అంటే దాదాపు 16 లక్షల మంది లెక్కలోకి రాలేదని సర్కారే చెప్పింది. వాళ్ల కోసం 2025 ఫిబ్రవరిలో మళ్లీ అవకాశమిచ్చింది. మంచిదే. కానీ స్టిక్కరు అంటించడానికి తలుపే లేనోళ్లు ఆ 3.1 శాతంలో కూడా ఉన్నరా? ఇండ్ల జాబితా మీద తీసిన శాతమది. తలుపు లేనోళ్లు మిగిలిపోయినోళ్ల లెక్కలో కూడా మిగిలిపోతరు.

సరే, లెక్కలోకి వస్తే ఏమొస్తది?

2011లో సామాజిక ఆర్థిక కుల గణన జరిగింది. పేదలను గుర్తించడానికి అందులో ఐదు రకాల కుటుంబాలను ఏ షరతూ లేకుండ నేరుగా చేర్చాలన్నరు. నిలువ నీడ లేని కుటుంబాలు, అడుక్కుని బతికేటోళ్లు, పాకీ పని చేసేటోళ్లు, ఆదిమ గిరిజన తెగలు, వెట్టి నుంచి విడుదలైనోళ్లు. ఇల్లు లేని కుటుంబం, ఆదిమ తెగ కుటుంబం రెండూ ఆ వరుసలో ఉన్నయి. కేంద్రం ఇచ్చే గ్రామీణ ఇండ్ల పథకానికి మొదట పునాది ఆ లెక్కే. ఆ రోజు పేరు ఎక్కనోళ్లు ఏండ్లపాటు ఇంటి జాబితాలో లేరు.

మన రాష్ట్రంలో ఇందిరమ్మ ఇండ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు. మొదటి విడతలో జాగా ఉన్నోళ్లకే ప్రాధాన్యం. జాగా కూడా లేనోళ్లది తర్వాతి వరుస. మరి ఇల్లూ జాగా లేకపోవడమే కాదు, ఏ ఊళ్లోనూ నమోదే కానోళ్లు ఏ వరుసలో ఉన్నట్టు? అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నోళ్లే అందరికంటే వెనక నిలబడుతున్నరు, ఎందుకంటే వాళ్లు నిలబడ్డ సంగతి ఏ కాగితమూ చెప్పదు.

ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం చొప్పున పెట్టాలని చెప్పింది. 2013 నుంచి పట్టణ జీవనోపాధి మిషన్‌లో లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు ఉండాలన్నరు. చూడండి, ఇది ఊరి జనాభా మీద కట్టిన కొలత. ఊళ్లో నిరాశ్రయులు ఎందరన్న దాని మీద కట్టింది కాదు. లక్ష జనాభా లేని చిన్న మున్సిపాలిటీలో ఎవరడగాలె? మార్కెట్ ఊరు కాబట్టి ఇక్కడ కూలీలు ఎక్కువ, రోడ్డు మీద ఊరు కాబట్టి వచ్చిపోయేటోళ్లు ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికి మన దగ్గర అంకె ఉండాలె.

ఇంకొకటి నిధుల లెక్క. తెలంగాణలో 2017 నుంచి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఎస్టీల జనాభా వాటాను బట్టి బడ్జెట్ కేటాయించాలె. 2011 లెక్కలో మనం 9 శాతం పైన. బట్టీలల్లో, సెల్లారుల్లో, డేరాల్లో మాయమైన ప్రతి మనిషితో ఆ వాటా కొంచెం కొంచెం తగ్గుతది. పంచాయతీ రిజర్వేషన్, అసెంబ్లీ సీటు, అన్నీ ఆ లెక్క మీదనే.

బయటి దేశాల్లో ఎట్ల చేస్తరో రెండు మాటలు. అమెరికాలో ప్రతి ఏటా జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి ఎంచుకుని వాలంటీర్లు వీధుల్లో తిరిగి లెక్కపెడతరు. 2024లో ఆ ఒక్క రాత్రి 7,71,480 మంది తేలిన్రు. అది కూడా తక్కువ లెక్కేనని, చుట్టాల ఇండ్లల్లో సర్దుకున్నోళ్లు అందులోకి రారని అక్కడ విమర్శ ఉంది. ఆస్ట్రేలియా వాళ్లు ఇంకో అడుగు ముందుకేసిన్రు. ఒకే ఇంట్లో విపరీతంగా కిక్కిరిసి ఉండేటోళ్లను, సొంత చోటు లేక ఇంకొకరింట్లో తలదాచుకునేటోళ్లను కూడా నిరాశ్రయుల కిందే లెక్కపెట్టిన్రు. 2021లో తేలింది 1,22,494 మంది. అందులో ప్రతి ఐదుగురిలో ఒకరు అక్కడి ఆదివాసీలు. ఆ దేశ జనాభాలో వాళ్ల వాటా నాలుగు శాతం లోపే! నిర్వచనం సరిగ్గా పెట్టుకుని, తెగ పేరు అడిగి రాసిన్రు కాబట్టే ఈ అన్యాయం బయటపడ్డది. మన దగ్గర అదే పని చేస్తే ఏ అంకె బయటపడుతదో చూడాలె.

ఇప్పుడు అవకాశం ముందుంది. 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఇప్పుడు 2027 జనగణనకు నోటిఫికేషన్ వచ్చింది, 2025 జూన్ 16న. ఇండ్ల లెక్క 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో, కులం వివరంతో సహా. 2027 మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి దానికి గీటురాయి. 2011 లాగే చేస్తే ఇల్లు లేనోళ్ల లెక్క ఆ ముందు రాత్రే ఉంటది. ఈసారి ఫోన్ యాప్‌లో రాస్తరు, మన వివరాలు మనమే నింపుకునే వీలు కూడా ఇస్తున్నరు. స్మార్ట్‌ఫోన్ లేనోడు, చిరునామా లేనోడు ఏం నింపుకుంటడు? వాళ్ల వైపు నుంచి మనమే కదలాలె.

ఎట్ల కదలాలె? చేసే పని వరుసగా చెప్త, రాసుకోండి.

మొదట పగటిపూట పటం గీయండి. మున్సిపాలిటీ వార్డులు, చుట్టూ ఊర్లు, తండాలు. ఎక్కడెక్కడ మనుషులు పడుకుంటరో గుర్తుపెట్టండి. ఈ సంగతి ఎవరికి తెలుసు? రాత్రి టీ బండి నడిపే అన్నకు, ఆటో డ్రైవర్లకు, మున్సిపల్ ఊడ్చే అక్కలకు, యార్డు వాచ్‌మన్‌కు, ఆశా కార్యకర్తకు. వాళ్లను అడగండి. వాళ్లకు తెలిసినంత ఏ ఆఫీసుకూ తెల్వదు.

తర్వాత ఒక రాత్రి ఎంచుకోండి. అందరూ ఒకే రాత్రి, ఒకే సమయంలో తిరగాలె. పది గంటలు దాటినంక, మనుషులు సర్దుకుని పడుకునే వేళకు. ఇద్దరిద్దరు, కుదిరితే ప్రతి జట్టులో ఒక ఆడపిల్ల, తోడుగా ఒక పెద్దమనిషి. ఒడియా, హిందీ, లంబాడీ, ఎరుకల, కోయ, ఏ భాష వచ్చినోళ్లుంటే ఆ జట్టుకు వాళ్లను పంపండి. సొంత భాషలో పలకరిస్తే సగం భయం పోతది.

నిద్రపోయినోళ్లను లేపొద్దు. మొఖం మీద టార్చి కొట్టొద్దు. చూసి లెక్క రాసుకోండి, చాలు. మేలుకుని ఉంటే కూర్చుని మాట్లాడండి. "మీకు ఇల్లు ఉన్నదా?" అని అడగొద్దు. ఉందనే చెప్తరు. ఊళ్లో కూలిపోయిన గోడైనా, అన్నదమ్ములు పంచుకున్న గుడిసెలో ఒక మూలైనా, ఎవరికైనా ఇల్లు లేదని చెప్పుకోవడం నామోషీ. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నరు? మొన్న రాత్రి? వానొస్తే ఎక్కడికి పోతరు?" అని అడగండి. ఆ మూడు ప్రశ్నల్లో అన్నీ తెలుస్తయి.

నాలుగు గడులు పెట్టుకోండి. ఆరుబయట పడుకునేటోళ్లు ఒకటి. పట్టా డేరాల్లో ఉండేటోళ్లు రెండు. బట్టీలు, బోరుబండ్లు, కట్టే బిల్డింగులు, మిల్లులు లాంటి పనిచోట్లలో ఉండేటోళ్లు మూడు. ఒకే గదిలో రెండు మూడు కుటుంబాలు ఇరుక్కుని ఉండేటోళ్లు నాలుగు. వీటిని కలిపేయొద్దు. ఆఫీసరు మొదటి గడిని మాత్రమే నిరాశ్రయులంటే, మిగతా మూడు గడులు విడిగా కనపడాలె. పెద్దోళ్లు, పిల్లలు, ఆడ, మగ, తెగ పేరు వాళ్లు ఎట్ల చెప్తే అట్ల, సొంత జిల్లా. ఇంతే. ఆధార్ నంబరు అడగొద్దు, పేరు రాయాల్సిన పని లేదు.

ఫొటోలు అసలే వద్దు. మనం సోషల్ మీడియాలో ఉన్నోళ్లం, చేతులు ఊరుకోవు. కానీ నిద్రపోతున్న తల్లి బొమ్మ స్టేటస్‌లో పెట్టడం సాయం కాదు. ఏ డేరా ఎక్కడున్నదో లొకేషన్ కూడా బయట పెట్టొద్దు. రేపు ఆ అంకె పట్టుకుని ఖాళీ చేయించడానికి వచ్చేటోళ్లు కూడా ఉంటరు. కాబట్టి బయటికి పోయేది వార్డువారీ మొత్తం మాత్రమే. పటం మీ దగ్గరే భద్రంగా ఉండాలె. తోడు లేని పిల్లలు కనపడితే మాత్రం ఆగొద్దు, 1098కి చెప్పండి. కష్టంలో ఉన్న ఆడమనిషికి 181 ఉంది.

లెక్క వచ్చినంక దాన్ని బీరువాలో పెట్టొద్దు. మున్సిపల్ కమిషనరుకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. జనగణన రాత్రికి ముందే అడగండి: "మా పటంలో ఇన్ని చోట్లున్నయి, మీ మనుషులు ఎవరు, ఏ చోటికి పోతున్నరు? మేం దారి చూపిస్తం." భయపడే కుటుంబాలకు ఒక మాట ఖచ్చితంగా చెప్పొచ్చు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం జనగణనలో రాసిన వ్యక్తిగత వివరాలు రహస్యం. ఎవరూ తీసి చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా చెల్లవు.

అంకెతో పాటు చిన్న చిన్న హక్కులు చేతికి అందించండి. ఇల్లు లేని మనిషికి కూడా ఓటు ఉంది. ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, చిరునామా కాగితం లేకపోయినా, బూత్ లెవల్ ఆఫీసరు రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నడా అని చూసి నమోదు చేయాలె. ఇది ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే. ఒడిశా కూలీకి సొంత రాష్ట్రంలో ఆహార భద్రత కార్డు ఉంటే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడి దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. ఈ రెండూ తెలియక ఎంతమంది కడుపు కట్టుకుంటున్నరో!

"వాళ్లు మన ఊరోళ్లు కాదు కదా" అనే మాట వినబడుతది. ఊళ్లో ఇండ్లకు వాడే ఇటుక వాళ్లు కాల్చిందే. మన పొలంలో బోరు వాళ్లు దింపిందే. మన తమ్ముడు హైదరాబాద్‌లో సెల్లారులో పడుకుంటే, అక్కడి పిల్లలెవరన్నా వాన్ని లెక్కలో రాయాలని మనం కోరుకోమా? ఇక్కడ మనం రాస్తే అక్కడ రాయమని అడిగే మొఖం మనకుంటది.

లెక్క రాసినంత మాత్రాన ఎవరికీ ఇల్లు రాదు. నేను మీకు ఆ ఆశ చూపెట్టను. ఇల్లు, జాగా, అడవి మీద హక్కు, అవన్నీ కొట్లాడి తెచ్చుకునేటియే. కానీ కొట్లాటకు పోయినప్పుడు "అట్లాంటోళ్లు ఇక్కడ ఎవరూ లేరు" అని ఆఫీసరు ఒక్క మాటతో తేల్చేయకుండ ఉండాలంటే మన చేతిలో కాగితం ఉండాలె. ఆ కాగితం మీద బస్టాండ్ పేరు, బట్టీ పేరు, మనుషుల అంకె ఉండాలె. రాసింది మన పిల్లలై ఉండాలె.

ఇప్పుడే ఇక్కడే జట్లు కట్టుకోండి. వార్డులు పంచుకోండి. తండాల నుంచి వచ్చినోళ్లు మీ తండాలో ఈ చలికాలం ఎన్ని ఇండ్లకు తాళాలు పడ్డయో, ఆ ఇంటోళ్లు ఏ ఊర్లకు పోయిన్రో రాసుకుని రండి. వచ్చే ఆదివారం పటంతో కూర్చుందాం. ఎవరెవరు ఏ రాత్రి ఏ గల్లీకి పోవాలో ఆరోజు తేల్చుకుందాం.

జోహార్.